సర్కారు బడిలో మతబోధ: మద్రాసు మహజర్ల నుంచి రాజ్యాంగం దాకా

ప్రభుత్వ ధనంతో పూర్తిగా నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని భారత రాజ్యాంగం 28వ అధికరణ శాసిస్తుంది. ఇది పాశ్చాత్యుల దగ్గర అరువు తెచ్చుకున్న ఆదర్శమని చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా చెప్పదు. రాజ్యాంగానికి నూరేళ్ల ముందే మద్రాసు పట్నపు తల్లిదండ్రులు సభలు పెట్టి, మహజర్లు రాసి, లండన్‌లోని ఈస్టిండియా కుంపిణీ డైరెక్టర్ల చెవిన వేసి ఈ నియమాన్ని నిలబెట్టుకున్నారు. సర్కారు బడిలో బైబిలు పాఠం వద్దని ఆనాడు పట్టుబట్టింది హిందువులు. ఆ పట్టుదలలోని న్యాయమే తరవాతి కాలంలో ఏ మతం పిల్లలకైనా అండ అయింది.

కుంపిణీ బడులు పెట్టకముందు ఈ ప్రశ్నకు తావు లేదు. వీధిబడిలో చదువూ భక్తీ ఒకే పలక మీద సాగేవి. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని బడుల లెక్కలు పంపమని కలెక్టర్లందరికీ ఉత్తర్వు ఇచ్చాడు. అందుకు జవాబుగా బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఆనాటి బడిని కళ్లకు కట్టిస్తుంది. ఈనాటి అనంతపురం సీమ కూడా అప్పట్లో ఆ జిల్లాలోదే. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం రాసిన మనిషి కాబట్టి బడిలో వల్లించే పద్యం అతని చెవికి కొత్త కాదు. జిల్లా మొత్తం మీద 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు ఉన్నారని అతను లెక్క తేల్చాడు. 235 బడుల్లో కన్నడం, 226 బడుల్లో తెలుగు చెప్పేవారు.

పిల్లవాడికి అయిదో ఏడు రాగానే బడి అయ్యవారిని, తోటి పిల్లల్ని ఇంటికి పిలిచేవారు. వినాయకుడి బొమ్మ చుట్టూ అందరూ కూర్చునేవారు. కొత్తగా చదువులో చేరే పిల్లవాణ్ణి బొమ్మకు ఎదురుగా కూర్చోబెట్టి, అయ్యవారు ధూపం వేసి, బుద్ధి ప్రసాదించమని ప్రార్థన చెప్పించి, వాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి నామం దిద్దించేవారు. మర్నాటి నుంచి బడి. పొద్దున ఆరింటికల్లా పిల్లలు చేరాలి. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. మూడోవాడికి చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరవాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కో దెబ్బ ఎక్కువ. ఇసుకలో అక్షరాలు దిద్దడం అయ్యాక రామాయణ, భారత, భాగవతాల్లోని ఘట్టాలు కంఠతా పట్టించేవారు. పద్యాలు వందల కొద్దీ నోటికి వస్తాయి గాని వాటి అర్థం పిల్లలకు తెలియదనీ, చాలాసార్లు చెప్పే అయ్యవారికీ తెలియదనీ కాంప్‌బెల్ బాధపడ్డాడు.

ఆ నివేదికలోని మరో సంగతికి రావలసినంత పేరు రాలేదు. అందరికీ ఒకే పుస్తకాలు ఉండేవి కావు. చేతిపనుల కులాలవారి పిల్లలు విశ్వకర్మ పురాణం వంటి తమ గ్రంథాలు చదువుకునేవారు. లింగధారుల పిల్లలకు గిరిజా కళ్యాణం, చెన్నబసవేశ్వర పురాణం ఉండేవి. ఎవరి ఇంటి మతం వారికే పాఠం. అయ్యవారి పోషణ తల్లిదండ్రులు ఇచ్చే డబ్బుతో, ధాన్యంతో జరిగేది కాబట్టి, ఆయన వాళ్లు కోరిన పుస్తకమే చెప్పేవాడు. బడి ఖర్చు ఎవరు పెట్టుకుంటే వారి నమ్మకమే పాఠంలోకి వచ్చేది. ఆ ఖర్చు రాజ్యం చేతికి మారినప్పుడు, అన్ని మతాలవారి దగ్గరా వసూలు చేసిన శిస్తుతో ఎవరి మతం చెప్పాలన్న చిక్కు పుట్టింది. వీధిబడిని మరీ ఆదర్శంగా తలచుకోవడం కూడా సరికాదు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందే. ఊరి వెలుపల ఉంచిన కులాల పిల్లల్లో చాలామందికి ఆ వినాయకుడి ముందు చోటు లేదు.

1813 చార్టరు చట్టం భారతీయుల చదువుకు ఏటా లక్ష రూపాయలు కేటాయించింది. అదే చట్టం క్రైస్తవ మిషనరీలకు ఈ దేశపు తలుపు తీసింది. ఒకే చట్టంలోని ఈ రెండు ఏర్పాట్లే తరవాతి గొడవలన్నిటికీ మూలం. మతం జోలికి పోనని కుంపిణీ మొదటి నుంచీ అంటూ వచ్చింది. అందులో ధర్మబుద్ధి కన్నా వ్యాపారభయమే ఎక్కువ. మద్రాసులో 1841లో తెరిచిన ప్రభుత్వ హైస్కూలులోనూ ఆ మాట పాటించారు. అదే తరవాత ప్రెసిడెన్సీ కాలేజీ అయింది. మిషన్ బడులకు అలాంటి కట్టుబాటు లేదు. స్కాట్లండు మిషన్ తరఫున 1837లో మద్రాసు వచ్చిన జాన్ ఆండర్సన్ ఇంగ్లీషు చదువుతోపాటు బైబిలు చెప్పాడు. 1841లో అతని విద్యార్థులు కొందరు బాప్తిస్మం తీసుకోవడంతో పట్నం అట్టుడికింది. పిల్లల్ని బడి మాన్పించారు. మరుసటి ఏడు పచ్చయప్ప ముదలియారు ధర్మనిధితో మొదలైన బడికి మద్రాసు హిందువుల ఆదరణ దొరకడానికి ఇదొక కారణం.

తెలుగు జిల్లాల్లో ఇదే కథ మచిలీపట్నంలో నడిచింది. చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843 నవంబరులో అక్కడ ఇంగ్లీషు బడి పెట్టాడు. ఉన్నత కులాల పిల్లలు చదువుకోసం వచ్చారు, బైబిలు పాఠానికీ కూర్చున్నారు. 1852లో ఒక బ్రాహ్మణ విద్యార్థి, ఒక వెలమ విద్యార్థి క్రైస్తవులయ్యారు. ఊరు భగ్గుమంది, బడి దాదాపు ఖాళీ అయింది. అయినా కాలక్రమంలో పిల్లలు తిరిగి వచ్చారు. ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి, ఆ చుట్టుపక్కల అంతటి ఇంగ్లీషు బడి మరొకటి లేదు. ఒకే దారి ఉన్నచోట ఇష్టపడి వెళ్లడం వేరు, గత్యంతరం లేక వెళ్లడం వేరు. ఈ ఇబ్బందే తరవాత అర్ధశతాబ్దం పాటు చట్టసభల్లో చర్చకు వస్తూ పోయింది.

అసలు పోరు 1846లో వచ్చింది. గవర్నరు ట్వీడేల్ ప్రభువు ప్రభుత్వ బడుల్లోనే బైబిలును తరగతి పుస్తకంగా పెట్టాలని ప్రతిపాదించాడు. పాశ్చాత్య విజ్ఞానం ఒక్కటే చెప్పి, దాని వెనక ఉన్న నీతిని వదిలేస్తే చదువు సగమే అవుతుందని అతని నమ్మకం. అది కపటం లేని నమ్మకమే. ఇష్టమైనవారే చదవవచ్చన్న మినహాయింపూ చూపారు. మద్రాసు ప్రజలకు ఆ మినహాయింపు మీద నమ్మకం కుదరలేదు. కలెక్టరు కచేరీలో ఉద్యోగం ఇచ్చేదీ, బడి నడిపేదీ ఒకే ప్రభుత్వం అయినప్పుడు, ఆ బడిలో పెట్టిన పుస్తకాన్ని వద్దనడం మాటలా?

ఈ ప్రతిఘటనకు ముందు నిలిచినవాడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. తెలుగు వర్తక కుటుంబంలో 1806లో పుట్టిన ఈయన నీలిమందు వ్యాపారంలో సంపాదించిన ధనాన్ని ప్రజల పనికి ఖర్చుచేశాడు. 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టింది ఆయనే. 1846 అక్టోబరులో ఆయన అధ్యక్షతన జరిగిన సభ నుంచి డైరెక్టర్లకు మహజరు వెళ్లింది. మత విషయాల్లో ఏ పక్షమూ వహించనన్న హామీని ప్రభుత్వం తప్పుతోందన్నది ఫిర్యాదు. 1847లో డైరెక్టర్లు ట్వీడేల్ ప్రతిపాదనను తోసిపుచ్చారు. గవర్నరు స్థాయి మనిషి సంకల్పాన్ని పాలితులు మహజరుతో ఆపడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1852లో లక్ష్మీనరసు శెట్టి స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషన్‌కు ఈ గెలుపే బలమిచ్చిందని చెప్పవచ్చు. దక్షిణాదిలో రాజకీయ చైతన్యం మొదలైన ఘట్టాల్లో పాఠ్యపుస్తకం మీద జరిగిన ఈ తగాదా ఒకటన్న సంగతిని మన చరిత్ర పుస్తకాలు ఇంకాస్త వివరంగా చెప్పాల్సింది.

1854 జులైలో చార్లెస్ వుడ్ పేరిట వచ్చిన విద్యా తాఖీదు ఈ నియమాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. ప్రభుత్వ సంస్థల్లో చదువు పూర్తిగా లౌకికంగా ఉండాలి. బైబిలు గ్రంథాలయంలో ఉండవచ్చు. విద్యార్థి తనంతట తాను అడిగితే బడివేళల తరవాత ఉపాధ్యాయుడు సందేహం తీర్చవచ్చు. తరగతిలో మాత్రం ఆ ప్రస్తావన రాకూడదు. అదే తాఖీదు ప్రైవేటు బడులకు గ్రాంటులు మంజూరు చేసింది. గ్రాంటు ఇచ్చేముందు ఇన్‌స్పెక్టరు లెక్కలు, భూగోళం, భాష ఎలా చెబుతున్నారో చూస్తాడు. మతపాఠం ఏం చెబుతున్నారో అడగడు. ఆ అడగకపోవడం మిషన్ బడులకు బాగా కలిసివచ్చింది. సర్కారు డబ్బు సర్కారు బడిలో మతాన్ని ముట్టుకోదు, ఎయిడెడ్ బడిలో మతపాఠం పక్కనే కూర్చుంటుంది. ఈ రెండంచెల ఏర్పాటు రాజ్యాంగంలోకీ దిగింది.

1857 తిరుగుబాటు తరవాత నిందలు మొదలయ్యాయి. విద్యాశాఖ మిషనరీలతో అంటకాగడమే సిపాయిల అనుమానాన్ని పెంచిందని ఎలెన్‌బరో ప్రభువు 1858లో రాశాడు. ఆ ఏడు నవంబరు 1న వెలువడిన విక్టోరియా రాణి ప్రకటన ఎవరి మతవిశ్వాసంలోనూ జోక్యం ఉండదని మాట ఇచ్చింది. 1859లో వచ్చిన స్టాన్లీ తాఖీదు, ప్రభుత్వ తరగతి గదుల్లో బైబిలు ఉండదని మరోసారి ఖాయం చేసింది. ఇదంతా జరుగుతున్నప్పుడు ఇంగ్లండులో బడులు ఎక్కువగా చర్చిల చేతిలోనే ఉన్నాయి. అక్కడ బోర్డు బడుల్లో ఒక్కో శాఖకు చెందిన ప్రశ్నోత్తర బోధను నిషేధించిన చట్టం 1870లో గాని రాలేదు. బైబిలు చదవడం ఆ తరవాతా సాగింది. అందుచేత ఇక్కడి తటస్థత ఇంగ్లండు నమూనాకు నకలు కాదు. ప్రజల పట్టుదలా పాలకుల భయమూ కలిసి దాన్ని రూపొందించాయి.

ఆ తటస్థత ఎవరికి అందిందన్నదీ చూడాలి. కాగితం మీద సర్కారు బడి అన్ని కులాలకూ తెరిచే ఉంది. పల్లెలో మాల, మాదిగ పిల్లవాడు ఆ అరుగు ఎక్కితే మిగిలిన పిల్లలు దిగిపోయేవారు. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టులు, గుంటూరులో లూథరన్లు పెట్టిన పల్లెబడులే ఆ పిల్లలకు మొదటి బడులు. అక్కడ మొదటి పుస్తకం తరచు సువార్తే. ఆ ప్రార్థన తమ పిల్లల మీద రుద్దుతున్నారని ఆ తల్లిదండ్రులు మహజరు రాయలేదు. వేరే ఏ బడీ తమను పిలవలేదని వారికి తెలుసు. మతం విషయంలో తటస్థంగా ఉన్న రాజ్యం కులం విషయంలో చూసీ చూడనట్లు పోయింది. మతబోధ చరిత్రను చెప్పేటప్పుడు ఈ సగాన్ని దాటేయడం ఆ పిల్లలకు రెండోసారి చేసే అన్యాయం.

1882లో డబ్ల్యు.డబ్ల్యు. హంటర్ అధ్యక్షతన విద్యా కమిషన్ ఏర్పడింది. మతం లేని చదువు నీతి లేని యువకుల్ని తయారుచేస్తోందన్న మొర అప్పటికే దేశమంతా వినిపిస్తోంది. అన్ని మతాలకూ ఉమ్మడి అయిన సహజధర్మ సూత్రాల మీద ఒక నీతి పుస్తకం రాయించి కాలేజీల్లో పెట్టాలని కమిషన్ సిఫారసు చేసింది. సభ్యుడు కాశీనాథ్ త్ర్యంబక్ తెలంగ్ దాన్ని ఒప్పుకోలేదు. అందరికీ నచ్చే మతసారం తీయబోతే ఎవరికీ అక్కరలేని పిప్పి మిగులుతుందన్న అనుమానం ఇలాంటి ప్రతి ప్రయత్నం మీదా ఉన్నదే. ప్రభుత్వమూ ఆ పుస్తకం జోలికి పోలేదు. ఊళ్లో ఒక్కటే ఎయిడెడ్ బడి ఉన్నచోట తల్లిదండ్రులు కోరితే పిల్లవాణ్ణి మతపాఠం నుంచి మినహాయించాలన్న సూచనకు మాత్రం ఆయుష్షు ఎక్కువ. అదే ‘అంతరాత్మ నిబంధన’ పేరుతో 1910ల, 1920ల మద్రాసు రాజకీయాల్లో నలిగింది. మతపాఠం కోసమే బడులు నడుపుతున్నామని మిషన్ పెద్దలన్నారు. గ్రాంటు తీసుకుంటూ బలవంతం చేయకూడదని ఎదుటివారన్నారు. చివరికి అన్ని పక్షాలూ ఏదో ఒక రూపంలో ఐచ్ఛికతను ఒప్పుకునే దిశగానే నడిచాయి.

మిషన్ బడికి పోటీగా సొంత మతం చెప్పే సంస్థలూ వచ్చాయి. అనీ బిసెంట్ 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ స్థాపించి, సనాతన ధర్మం మీద పాఠ్యపుస్తకాలు తయారు చేయించింది. ఆమె దివ్యజ్ఞాన ఉద్యమం 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టింది. ఈ కాలపు తాకిడి ఒక మనిషి జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివింది వేలూరులోని వూరీస్ కాలేజీలో, తరవాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. రెండూ మిషన్ సంస్థలే. హిందూమతంలో నీతికి చోటు లేదన్న మిషనరీ విమర్శ ఆయన్ను కలవరపెట్టింది. 1908లో వేదాంతంలోని నీతి మీద ఆయన రాసిన సిద్ధాంతగ్రంథం దానికి సమాధానం. మిషన్ చదువు ఆయన్ను క్రైస్తవుణ్ణి చేయలేదు, తన మతాన్ని మొదటినుంచీ పరీక్షించుకునేలా చేసింది. నలభై ఏళ్ల తరవాత స్వతంత్ర భారతంలో మతం, చదువు మీద తొలి పెద్ద నివేదిక రాసే బాధ్యత ఆయన మీదే పడింది.

గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఈ వాదాలు నడుస్తుండగా నిజాం రాజ్యంలోని తెలుగువారి అనుభవం వేరు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ముస్లిం విద్యార్థులకు ‘దీనియాత్’, అంటే మతశాస్త్రం, తప్పనిసరి. మిగిలినవారికి దాని బదులు ‘అఖ్లాకియాత్’ అనే నీతిశాస్త్రం. ఎవరి మతం వారికి వదిలేసినట్టు కనిపించే ఈ ఏర్పాటులో విద్యార్థిని ముందు మతాన్ని బట్టి విడదీసి తరవాతే తరగతిలో కూర్చోబెట్టేవారు. 1938లో హిందూ విద్యార్థులు హాస్టలు ప్రార్థన గదుల్లో వందేమాతరం పాడితే విశ్వవిద్యాలయం అడ్డుచెప్పింది. మానుకోనన్నవారిని బహిష్కరించింది. వారిలో చాలామంది నాగపూరు వెళ్లి చదువు పూర్తిచేశారు; పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. ఆ పాట దేశభక్తా మతమా అన్న తగువు ఈనాటికీ తెగలేదు గాని, ప్రార్థన మీద పాలకుల పెత్తనం ఉన్నప్పుడు చదువు ఎవరికి ఎలా దూరమవుతుందో ఆ ఏడాది తేటతెల్లమైంది.

మతాన్ని ప్రాణంగా పెట్టుకున్న గాంధీజీయే 1937 నాటి వార్ధా విద్యా పథకంలో మతబోధను పక్కన పెట్టారు. ఈనాడు బోధిస్తున్న, ఆచరిస్తున్న తీరులో మతాలు ఐక్యతకు కాక కలహానికే దారితీస్తున్నాయి కాబట్టి వదిలేశామని ఆయన 1938లో వివరించారు. అన్ని మతాల్లోని ఉమ్మడి సత్యాలు పిల్లలకు అందాలి, అవి పుస్తకం ద్వారా కాక గురువు నడవడి ద్వారా అందాలి అని కూడా ఆయన అభిప్రాయం. లాహోరు బిషప్ జి.డి. బార్న్ నాయకత్వాన కేంద్ర విద్యా సలహా మండలి వేసిన ఉపసంఘం ఈ విషయాన్నే పరిశీలించింది. చివరకు 1946లో మండలి, మతబోధ బాధ్యత ఇంటిది, ఆయా సమాజాలది అని తేల్చింది.

రాజ్యాంగ సభలో ఈ అధికరణ చర్చకు వచ్చిన రోజు 1948 డిసెంబరు 7. దేశ విభజన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అంబేద్కర్ మూడు కారణాలు చెప్పారు. ఏ ఒక్క మతం పోషణకూ పన్ను వేయకూడదని మరో అధికరణలో రాసుకున్నాక, ఆ పన్నుతో నడిచే బడిలో మతం ఎలా చెబుతామన్నది మొదటిది. ఇన్ని మతాలున్న దేశంలో అన్నీ చెప్పడం సాధ్యం కాదు, కొన్నే చెప్పడం న్యాయం కాదు అన్నది రెండోది. మూడోది నిష్ఠురమైన నిజం: మోక్షానికి తనదే సరైన దారి అని ప్రతి మతమూ అంటుంది, ఆ వాదులాట తరగతి గదిలోకి వస్తే బడిలో శాంతి ఉండదు. చర్చలో పండిత లక్ష్మీకాంత మైత్ర లేచి, వేదాలు, స్మృతులు, భగవద్గీత, ఉపనిషత్తులు చెప్పే సంస్కృత కాలేజీల గతేమిటని అడిగారు. మతబోధ వేరు, అధ్యయనం వేరు అని అంబేద్కర్ జవాబు. ఇది నమ్ము అని చెప్పడం బోధ. దేవుడు ఒక్కడేనని, ఫలానా ప్రవక్తే చివరివాడని నమ్మించడం ఆ కోవలోది. ఒక గ్రంథంలో ఏముందో పరిశీలించడం అధ్యయనం. బోధకూ అధ్యయనానికీ మధ్య గీసిన ఈ ఒక్క గీతే 28వ అధికరణకు ఆయువుపట్టు. ఆ గీతను గుర్తు పెట్టుకోకుండా ఇటు మతమంటేనే ఉలిక్కిపడేవారూ, అటు మతాన్ని సంస్కృతి పేరుతో దొడ్డిదారిన తెచ్చేవారూ ఇద్దరూ ఆ అధికరణకు అన్యాయం చేస్తున్నారు.

అధికరణ తుదిరూపంలో మూడు భాగాలున్నాయి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధ ఉండదు. ధర్మనిధి లేదా ట్రస్టు షరతు ప్రకారం మతబోధ తప్పనిసరి అయిన సంస్థను ప్రభుత్వం నిర్వహిస్తున్నా, ఆ నిషేధం దానికి వర్తించదు. ప్రభుత్వ గుర్తింపు గాని సాయం గాని ఉన్న ఏ సంస్థలోనైనా మతబోధకు, ఆరాధనకు విద్యార్థిని బలవంతం చేయరాదు. మైనరైతే సంరక్షకుడి అనుమతి కావాలి. మద్రాసు రాజకీయాల్లో నలిగిన అంతరాత్మ నిబంధన ఈ మూడో భాగంలో కుదురుకుంది.

బోధ కూడదన్న మాట అమలైంది. అధ్యయనం ఉండాలన్న మాటే నివేదికల్లో చిక్కుకుపోయింది. 1948–49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షుడుగా రాధాకృష్ణన్, రోజూ కొన్ని నిమిషాలు మౌనధ్యానం, డిగ్రీ మొదటి ఏడు బుద్ధుడు, కన్‌ఫ్యూషియస్, సోక్రటీస్, ఏసు, శంకరుడు, మహమ్మదు, కబీరు, నానక్, గాంధీ వంటివారి జీవితాలు, రెండో ఏడు లోకమంతటికీ పనికివచ్చే మతగ్రంథ భాగాలు, మూడో ఏడు మతతత్వశాస్త్రంలోని ముఖ్య సమస్యలు చెప్పాలని సూచించారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే నాటికి మద్రాసు గవర్నరుగా ఉన్న శ్రీప్రకాశ, 1959లో తన పేరిట ఏర్పడిన కమిటీ ద్వారా బడులకూ ఇంచుమించు అలాంటిదే సిఫారసు చేశారు. 1964–66 నాటి కొఠారి కమిషన్ ఇంకా సూటిగా, మతాన్ని బోధించడం వేరు, మతాలను గురించి చెప్పడం వేరు అని చెప్పి, పౌరవిద్యలో భాగంగా ముఖ్య మతాల పరిచయం ఉండాలంది. ఆ పాఠం చెప్పే ఉపాధ్యాయుణ్ణి తయారు చేసే పని ఎవరూ మీద వేసుకోలేదు. టైంటేబిల్లో ‘నీతి’ అని రాసిన పీరియడు చాలా బడుల్లో మిగిలిన లెక్కల సిలబస్‌కే పోయింది. పొరుగింటి పిల్లవాడు రంజాను ఉపవాసం ఎందుకుంటాడో, గుడ్ ఫ్రైడే నాడు క్రైస్తవులు ఏం తలచుకుంటారో పదో తరగతి దాటిన పిల్లలకు సినిమా చెప్పినంతగా బడి చెప్పడం లేదు. ఇది 28వ అధికరణ పెట్టిన లోపం కాదు, దాన్ని సగమే చదివినందువల్ల వచ్చిన లోపం.

తెలుగు తరగతి మాత్రం ఎవరూ పేరు పెట్టకుండానే ఆ గీతను పాటిస్తూ వచ్చింది. పోతన గజేంద్రమోక్షం పద్యాన్ని ఉపాధ్యాయుడు రాగం తీసి చదువుతాడు. ప్రతిపదార్థం చెబుతాడు, గణవిభజన చేయిస్తాడు, అలంకారం గుర్తించమంటాడు. పరీక్షలో ప్రశ్న ఛందస్సు మీద వస్తుంది. విష్ణువును నమ్ముతావా అని రాదు. మస్తాన్‌కూ మేరీకీ ఆ పద్యానికి నాగేశ్వరరావుతో సమానంగా మార్కులు పడతాయి. అదే వాచకంలో విగ్రహారాధనను, ఆచారాలను ఎత్తిపొడిచిన వేమన ఉంటాడు, దేవాలయ ద్వారం దగ్గర నిలబెట్టిన మనిషి వేదన చెప్పిన జాషువా ఉంటాడు. క్రీస్తు చరిత్రను తెలుగు పద్యాల్లో రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది ఆ జాషువాయే. పిఠాపురపు సూఫీ పీఠాధిపతి ఉమర్ అలీషా తెలుగు పద్యకవి. మతాన్ని గురించి కక్ష లేకుండా, భజన లేకుండా మాట్లాడటం ఎలాగో తెలుగు పంతులుకు చేతనైన విద్యే. సాంఘికశాస్త్రం పంతులుకూ దాన్ని నేర్పవచ్చు.

ఈ గీత ఎక్కడ పడాలన్న తగాదాలు కోర్టులకూ ఎక్కాయి. గురునానక్ జీవితం, బోధల అధ్యయనానికి విశ్వవిద్యాలయం ఏర్పాటు చేయడం మతబోధ కాదని 1971లో డి.ఏ.వి. కాలేజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లల్ని, జాతీయగీతం వేళ వినయంగా నిలబడ్డా పాడలేదని బడి నుంచి వెళ్లగొట్టారు. మరుసటి ఏడు ఆగస్టులో తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి రాసిన తీర్పు వారిని తిరిగి బడిలో కూర్చోబెట్టింది. మైనారిటీలో మైనారిటీ అయిన పిల్లల పక్షాన ఇంత నిండైన తీర్పు మన న్యాయచరిత్రలో అరుదు. 2002 సెప్టెంబరులో అరుణా రాయ్ కేసు వచ్చింది. ఎస్.బి. చవాన్ కమిటీ సూచించిన సత్యం, ధర్మం, శాంతి, ప్రేమ, అహింస అనే అయిదు విలువలను, మతాల పరిచయాన్ని జాతీయ పాఠ్యప్రణాళికలో చేర్చడం 28వ అధికరణకు విరుద్ధమన్నది పిటిషనర్ల వాదం. ఆ అయిదూ పుట్టపర్తి బాలవికాస్ తరగతుల్లో చెప్పే విలువలే. కోర్టు ప్రణాళికను నిలబెట్టింది. అయితే మతాల గురించి చెప్పే పేరుతో మతబోధ జొరబడకుండా కాపలా ఉండాలని న్యాయమూర్తి ధర్మాధికారి హెచ్చరించారు.

ప్రార్థన సంగతి ఇంకా తేలలేదు. 28వ అధికరణ మొదటి భాగం ‘బోధ’ అనే అంటుంది, ఆరాధన అనదు. ఆరాధన మాట మూడో భాగంలో, బలవంతం కూడదన్న సందర్భంలో వస్తుంది. ఆ సందులోనే సర్కారు బడుల్లో వసంతపంచమి సరస్వతీ పూజలు, పొద్దుటి ప్రార్థనాగీతాలు సాగుతున్నాయి. చేతులు జోడించని పిల్లవాణ్ణి ఎవరూ ఏమీ అనకపోవచ్చు. వరసలో నలభై మంది కళ్లు మూసుకున్నప్పుడు ఒక్కడు తెరిచి ఉంచడానికి కావలసిన ధైర్యం పదేళ్ల పిల్లవాడి దగ్గర ఉండాలనడం మాత్రం పెద్దలు చేయదగ్గ పని కాదు. ట్వీడేల్ చూపిన ‘ఇష్టమైనవారే’ అన్న మినహాయింపును 1846లో లక్ష్మీనరసు శెట్టి తోటివారు నమ్మకపోవడానికి కారణం ఇదే. కేంద్రీయ విద్యాలయాల్లో ‘అసతో మా సద్గమయ’తో సాగే ప్రార్థన తప్పనిసరి కావడాన్ని ప్రశ్నిస్తూ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2019 జనవరిలో విస్తృత ధర్మాసనానికి నివేదించింది. ఉపనిషత్తులో ఉన్నంత మాత్రాన ఒక వాక్యం మతప్రార్థన అవుతుందా, లోకమంతటికీ పనికివచ్చే నీతివాక్యమైనంత మాత్రాన దాన్ని తప్పనిసరి చేయవచ్చా అన్నవి ఆ ధర్మాసనం ముందుకు వెళ్లిన ప్రశ్నలు.